ఆరంభ శూరత్వం తరువాత: దినచర్యా, దీక్షా, జట్టా, జరిమానానా?

జనవరి మొదటి వారంలో జిమ్ముకు వెళితే ట్రెడ్‌మిల్ కోసం వరుసలో నిలబడాలి. మార్చి వచ్చేసరికి ఏది కావాలంటే అది ఖాళీ. ఉగాదినాడు పసుపు కుంకుమ పెట్టి తెరిచిన కొత్త చిట్టా పుస్తకంలో వైశాఖం నాటికి తేదీలు ఎగిరిపోతుంటాయి. దీన్ని ఆరంభ శూరత్వమని పిలిచి, మనిషి గుణంలోని లోపంగా తేల్చేయడం మనకు అలవాటు. ఆ తీర్పుతో నాకు పేచీ ఉంది. నడక మానేసిన అదే మనిషి ఇంటి అప్పు వాయిదా ఒక్క నెలా తప్పడు. చిట్టా రాయని అదే వ్యాపారి జీఎస్టీ రిటర్ను 20వ తేదీకల్లా వేయించేస్తాడు. ఆ పనుల మీద అతనికి ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఉత్సాహంతో నిమిత్తం లేకుండా అవి జరిగిపోయేలా ముందే ఏర్పాటు ఉంది, అంతే.

కాబట్టి పోయిన ఉత్సాహాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎలా అనే ప్రశ్నను పక్కన పెడుతున్నాను. అది లేకపోయినా పని సాగడానికి మనకు అందుబాటులో ఉన్న ఏర్పాట్లు ప్రధానంగా ఐదు: పనిని దినచర్యకు ముడివేయడం, గడువున్న దీక్ష పట్టడం, జట్టు కట్టడం, డబ్బు పణం పెట్టడం, నిర్ణయమే అవసరం లేకుండా చేయడం. వీటిలో అందరికీ నప్పేది ఒకటంటూ లేదు. మీ పని ఎక్కడ తెగుతోందో చూసి ఎంచుకోవాలి.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

పని రోజూ ఒకే రూపంలో ఉంటుందా? నడక, గల్లా లెక్క, మందులు వేసుకోవడం ఒకే రూపంలో ఉండే పనులు. కొత్త కొనుగోలుదారులను వెతకడం, పాత బాకీలు వసూలు చేయడం, పుస్తకం రాయడం రోజుకో రూపం ఎత్తుతాయి. మొదటి రకానికి అద్భుతంగా పనిచేసే ఏర్పాటు రెండో రకం దగ్గర చతికిలపడుతుంది.

ఫలితం ఎంతవరకు మీ చేతిలో ఉంది? తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థుల సంగతి చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వెలువడి, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ జరిగాయి. ‘ఉద్యోగం కొట్టడం’ ఒక్కటే లక్ష్యమనుకున్నవాళ్లకు ఆ రెండేళ్లలో పూర్తయిందని చెప్పుకోవడానికి ఏమీ మిగలలేదు. వారానికి ఇన్ని వ్యాసాలు, ఇన్ని పాత ప్రశ్నపత్రాలు అని లెక్క పెట్టుకున్నవాళ్లకు కనీసం ఆ వారం పని ఆ వారానికి ముగిసింది. ఫలితం చేతిలో లేనప్పుడు పందెమైనా, దీక్షయినా చేసే పని మీద పెట్టుకోవాలి తప్ప ఫలితం మీద కాదు.

మానేస్తే ఎవరికి తెలుస్తుంది? ఉద్యోగికి పై అధికారి ఉంటాడు. సొంత దుకాణం నడిపేవారికీ, ఇంటి నుంచి పచ్చళ్లు అమ్మేవారికీ, పరీక్షకు చదువుకునేవారికీ ఎవరూ ఉండరు. అడిగేవాళ్లు లేని పనే ముందుగా ఆగిపోతుంది.

ఒకసారి తప్పాక తిరిగి రావడం ఎంత తేలిక? నా లెక్కలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. ఊళ్లో పెళ్లి వస్తుంది, పిల్లవాడికి జ్వరం వస్తుంది, పండగ సీజనులో దుకాణం రాత్రి పదకొండింటికి గానీ కట్టలేం. తప్పడం ఖాయం. మొదటిరోజు ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో చూసి ఏర్పాటును ఎంచుకునేవాళ్లే ఎక్కువ. తప్పిన మరుసటి రోజు ఎలా చేయి అందిస్తుందో చూసి ఎంచుకోవాలి.

ఖర్చు. డబ్బు, సమయంతో పాటు మొహమాటాన్ని కూడా ఈ ఖాతాలోనే వేయండి. బావమరిదిని మీ లెక్కలు అడిగే మనిషిగా పెట్టుకుంటే అతను అడగడు, అడిగితే ఇంట్లో మాటలు వస్తాయి.

## 1. దినచర్యకు ముడివేయడం

రోజూ ఎలాగూ జరిగే ఒక పని వెనుక కొత్త పనిని కట్టేయడం ఇది. ‘రోజూ లెక్క రాస్తాను’ అన్న తీర్మానం నిలవదు. ‘షట్టరు సగం దించగానే కౌంటరు దగ్గర నిలబడి గల్లా లెక్కపెట్టి మూడు అంకెలు రాస్తాను’ అన్నది నిలుస్తుంది. ఆ మూడు అంకెలు: చేతికి వచ్చిన నగదు, ఫోనులో పడిన సొమ్ము, ఆ రోజు అప్పు మీద ఇచ్చిన సరుకు. షట్టరు సగమే ఎందుకంటే, పూర్తిగా తెరిచి ఉంటే అగ్గిపెట్టె కోసమైనా ఎవరో ఒకరు వస్తారు. పూర్తిగా దించి తాళం వేశాక ఇక లోపలికి వెళ్లే ఓపిక ఉండదు. ఆ మధ్య పది నిమిషాలే దొరికే సమయం. పుస్తకం కూడా గల్లా పెట్టెలోనే ఉండాలి. పైన అరలో పెడితే ఆ ఒక్క అడుగే అడ్డమవుతుంది.

ఇలా ‘ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను’ అని ముందే కట్టుకునే పద్ధతిని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ దశాబ్దాలుగా పరిశీలించారు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఉత్త సంకల్పం కంటే ఇలాంటి షరతు వాక్యం గట్టిగానే పనిచేస్తుందని తేలింది.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట మీరు వినే ఉంటారు. దాన్ని నమ్మి 22వ రోజు నిరాశపడకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి ఆ అంచనా 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మంచినీళ్లు తాగడం త్వరగా అబ్బుతుంది, వ్యాయామం అంత త్వరగా అబ్బదు. అదే అధ్యయనంలో ఇంకో ముక్క నాకు మరీ నచ్చింది: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెడలేదు. తప్పాక తిరిగి రావడం ఎంత తేలిక అన్న నాలుగో ప్రశ్నకు దినచర్యంత మంచి జవాబు మరే ఏర్పాటు దగ్గరా లేదు. షట్టరు రేపు కూడా దిగుతుంది.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. రోజులకు స్థిరమైన ఆకారం లేనివాళ్లకు ముడివేయడానికి గుంజ దొరకదు. వారానికొక షిఫ్టు మారే ఆసుపత్రి సిబ్బంది, సీజనులో ఒక తీరుగా, కోతలయ్యాక మరో తీరుగా బతికే రైతులు, వారంలో నాలుగు రోజులు ప్రయాణాల్లో ఉండే మందుల కంపెనీ ప్రతినిధులు దీంతో ఇబ్బంది పడతారు. వాళ్లు గడియారానికి కాకుండా ఎక్కడున్నా జరిగే పనికి కట్టుకోవాలి: రోజులో మొదటి టీ, చివరి ఫోను, స్నానం.

## 2. గడువున్న దీక్ష

అయ్యప్ప మాల వేసుకున్నవారిని నవంబరు, డిసెంబరు నెలల్లో ఏ వీధిలోనైనా చూస్తాం. భక్తి సంగతి భక్తులకు వదిలేసి, దీక్ష నిర్మాణాన్ని మాత్రం కాసేపు చూడండి. 41 రోజులు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, కాలికి చెప్పుల్లేవు, మద్యం, పొగ, మాంసం లేవు. ఏళ్ల తరబడి సిగరెట్ మానలేకపోయిన మనిషి ఆ 41 రోజులూ దాని జోలికి పోడు. నికోటిన్ అతని మీద జాలిపడి వదిలిందా? చుట్టూ ఉన్న ప్రపంచం మారింది. నల్లబట్టలు, మెడలో మాల చూసి టీ కొట్టువాడు సిగరెట్ అందివ్వడు. ఆఫీసులో పై అధికారి కూడా ‘స్వామీ’ అని పిలుస్తాడు. ఇంట్లో వంట మారుతుంది. సందేహం వస్తే అడగడానికి గురుస్వామి ఉంటాడు. మానేయాలంటే ఇంతమందికి సమాధానం చెప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది ఎప్పుడు ముగుస్తుందో మొదటిరోజే తెలుసు. రంజాన్ నెల ఉపవాసాల్లోనూ ఇదే తీరు: నెలవంకతో మొదలై నెలవంకతో ముగుస్తుంది, ఇంటిల్లిపాదీ పాటిస్తారు, వీధి వేళలే మారిపోతాయి.

ఈ నిర్మాణాన్ని మిగతా పనులకూ తెచ్చుకోవచ్చు. మార్చి 31 లోపు పాత బాకీల పట్టీ ఖాళీ చేయడం, ఆరు వారాల్లో గోదాములోని సరుకు అంతా లెక్కతేల్చడం, పరీక్షకు ముందు రెండు నెలలు ఫోనులో ఆటలు, రీల్స్ తీసేయడం లాంటివి దీక్షకు తగిన పనులు. ఎందుకంటే వాటికి ముగింపు ఉంది. కంపెనీల్లో మూడు నెలలకోసారి లక్ష్యాలు రాసుకునే ఓకేఆర్ పద్ధతి కూడా ఈ కోవలోదే. చిప్పుల కంపెనీ ఇంటెల్‌లో దాని అధిపతి ఆండీ గ్రోవ్ నడిపిన ఆ పద్ధతిని పెట్టుబడిదారు జాన్ డోర్ 1999లో గూగుల్‌కు తీసుకువెళ్లారు. ఏడాది లక్ష్యం డిసెంబరులో గానీ ఒంటికి తగలదు, మూడు నెలలదైతే రెండో నెలలోనే సెగ తెలుస్తుంది.

పేచీ మాల తీసిన సాయంత్రం మొదలవుతుంది. 42వ రోజు పాత కొట్టు, పాత స్నేహితులు, పాత అలవాటు అలాగే ఉంటాయి. దీక్ష గొప్పగా మొదలుపెట్టిస్తుంది కానీ నిలబెట్టదు. జీవితాంతం చేయవలసిన పనికి, అంటే బరువు, చక్కెర వ్యాధి నియంత్రణ, రోజువారీ లెక్కల వంటి వాటికి, దీక్ష ఒక్కటే చాలదు. ముగిసిన మరుసటి రోజు ఏ దినచర్యలోకి దిగుతారో ముందే రాసిపెట్టుకుంటేనే పట్టాలి. పైగా మధ్యలో తప్పితే దీక్షలో తిరిగి రావడం కష్టం. ‘భంగమైంది కదా’ అన్న మాట మిగిలిన రోజులన్నిటినీ మింగేస్తుంది.

## 3. జట్టు

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ ఊపులోనే ఆ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు ఊపందుకుంది, తరువాత డ్వాక్రా సంఘాలుగా ఊరూరా స్థిరపడింది. ఉద్యమం చల్లారినా పొదుపు ఎందుకు ఆగలేదన్నదే మనకు కావలసిన విషయం. సంఘంలో పది పదిహేను మందే ఉంటారు. సమావేశానికి నిర్ణీత రోజు ఉంటుంది. హాజరు, పొదుపు, అప్పు వాయిదా అందరి ముందూ పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆలస్యంగా వచ్చినా, రాకపోయినా సంఘం తీర్మానించుకున్న చిన్న జరిమానా పడుతుంది. ఒకరు కట్టకపోతే బ్యాంకు దగ్గర సంఘం మొత్తం పేరు పోతుంది.

ఇప్పుడు దీని పక్కన మన అపార్టుమెంటు ‘వాకింగ్ గ్రూపు’ను పెట్టి చూడండి. నలభై మంది చేరారు, వేళ లేదు, పుస్తకం లేదు, రాకపోతే నష్టపోయేవాళ్లు లేరు. రెండో నెలకల్లా అందులో శుభోదయం బొమ్మలు తప్ప ఏమీ మిగలవు. జట్టు అంటే జనం కాదు. తక్కువ మంది, స్థిరమైన వేళ, అందరికీ కనిపించే లెక్క, తప్పితే ఎవరికో ఒకరికి నష్టం: ఈ నాలుగూ ఉంటేనే అది పనిచేస్తుంది.

ఊరంతటికీ చాటడాన్ని కూడా జట్టుగా పొరబడకండి. ‘ఈ ఏడు పది కిలోలు తగ్గుతున్నా’ అని స్టేటస్ పెట్టగానే అభినందనలు వస్తాయి, సగం తృప్తి అక్కడే తీరిపోతుంది. గోల్విట్జర్ బృందం 2009లో న్యాయవిద్యార్థులతో, ఇతరులతో చేసిన ప్రయోగాల్లో, తాము ఏమి కాదలచుకున్నారో ఇతరుల గుర్తింపు పొందినవాళ్లు ఆ దిశగా తక్కువ పనిచేశారు. చాటింపు కంటే వారం వారం లెక్క అడిగే ఒక్క మనిషి మేలు.

ఆ మనిషి ఎవరు? భార్య, భర్త వద్దని నా గట్టి సలహా. ఇంట్లో అడిగే ప్రశ్న రెండోసారికే నిందలా వినిపిస్తుంది. పెద్దవారు వద్దు, వారి ముందు నిజం దాచాలనిపిస్తుంది. మీ కింద పనిచేసేవారు వద్దు, వాళ్లు అడగలేరు. మీతో సమానమైన స్థాయిలో, ఇలాంటి పనే చేస్తూ, మీ పోటీదారు కాని మనిషి నప్పుతాడు. ఒక ఊళ్లో బట్టల దుకాణం, పక్క వీధిలో మందుల దుకాణం యజమానులు ఆదివారం ఉదయం పావుగంట కూర్చోవచ్చు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవారు ఒకరి జవాబులు మరొకరు దిద్దుకోవడం కూడా ఇలాంటిదే. అడిగేది కూడా ‘ఎలా ఉంది?’ అని కాకుండా ‘ఈ వారం ఎన్ని?’ అనే ఉండాలి.

జట్టు ఒత్తిడికి చేదు ముఖం కూడా ఉంది. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లలో తోటి సభ్యుల ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిందంటేనే తెలుస్తుంది. సిగ్గుపడే స్వభావం ఎక్కువ ఉన్నవారు జట్టులో ఒకసారి తప్పితే, ఆ ముఖాలు తప్పించుకోవడానికే మొత్తం మానేస్తారు. వాళ్లు దినచర్య వైపు వెళ్లడం మంచిది.

## 4. డబ్బు పణం పెట్టడం

ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు పొగతాగేవారికి ఒక ఖాతా ఇచ్చింది: ఆరు నెలలు డబ్బు వేయండి, చివర పరీక్షలో పొగ మానినట్టు తేలితే మీ డబ్బు మీకు, లేకపోతే ధర్మానికి పోతుంది. 2010లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఈ అవకాశం ఇచ్చినవారు ఇవ్వనివారి కంటే 3 శాతం పాయింట్లు ఎక్కువగా పరీక్ష నెగ్గారు. కానీ ఒప్పందానికి ముందుకు వచ్చినవారు 11 శాతమే. అమెరికాలో ఫిలడెల్ఫియాలో సొంత డబ్బు డిపాజిట్ పెట్టి బరువు తగ్గే ప్రయోగం 2008లో ప్రచురితమైంది. 16 వారాల్లో వాళ్లు సగటున 6 కిలోలకు పైగా తగ్గారు, పణం లేనివారు 2 కిలోలైనా తగ్గలేదు. ఏడు నెలల నాటికి తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చేసింది. పణం ఉన్నంతసేపే పట్టు.

రెండు ఉచ్చులున్నాయి. ఒకటి, ముందే కట్టేసిన డబ్బును పణం అనుకోవడం. ఏడాది జిమ్ రుసుము కడితే ఆ డబ్బు బాధకైనా వెళతామనుకుంటాం. అమెరికా జిమ్ముల లెక్కలతో 2006లో వచ్చిన పరిశోధన ప్రకారం, నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు. ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది, పది రాకల పాసు కొనుక్కుంటే 10 డాలర్లే అయ్యేది. పోయిన డబ్బు కుట్టదు, పోబోయే డబ్బే కుడుతుంది.

రెండోది, జరిమానా ధరగా మారిపోవడం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా వేశారు. 2000లో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. అంతవరకు ఉన్న మొహమాటం పోయి, డబ్బు కట్టాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా పాత తీరు తిరిగి రాలేదు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే సిబ్బంది జీతంలో కోత పెట్టే చిన్న వ్యాపారులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

జీఎస్టీ మాత్రం ఎందుకు పనిచేస్తుందంటే ఆ జరిమానా ఒక్కసారితో ఆగదు. జీఎస్టీఆర్-3బి అనే రిటర్ను ఆలస్యమైతే సాధారణంగా రోజుకు రూ.50 (పన్ను లేకపోతే రూ.20) చొప్పున, పరిమితి దాకా, పెరుగుతూనే ఉంటుంది, బాకీ పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా తోడవుతుంది. మన చిట్టీ కూడా పణం, జట్టు కలిసిన ఏర్పాటే. పాట పాడుకుని డబ్బు ఎత్తినవారికి జామీనుదారులు ఉంటారు కాబట్టి మిగిలిన వాయిదాలు ఎగవేయడం కష్టం. అయితే రిజిస్టరైన చిట్టీయేనా అని చూసుకోండి, నిర్వాహకుడి కమీషన్ 7 శాతం వరకు ఉండవచ్చు. క్రమశిక్షణకు అది మీరు చెల్లించే ధర అనుకుంటే, ఆ ధర ఎక్కువా కాదా అన్నది మీ స్వభావం మీద ఉంటుంది.

నా అభిప్రాయంలో పణం తేదీ ఉన్న ఒంటరి పనికి మాత్రమే పనికొస్తుంది: బ్యాంకు రుణానికి ప్రాజెక్టు నివేదిక ఇవ్వడం, డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోవడం, వీలునామా రాయించడం. డబ్బును స్నేహితుడి దగ్గర పెట్టేటప్పుడు అతను జాలిపడి తిరిగి ఇచ్చే రకమా అన్నది ముందే చూసుకోండి.

## 5. నిర్ణయమే అవసరం లేకుండా చేయడం

డబ్బుకు సంబంధించిన లక్ష్యాలకు దీనికి సాటి లేదు, ఇక్కడ చర్చ కూడా అక్కర్లేదు. జీతం పడిన రెండో రోజుకు రికరింగ్ డిపాజిట్‌కో, సిప్‌కో (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) ఆటో డెబిట్ పెట్టేస్తే ప్రతి నెలా మనసు గట్టి చేసుకునే పని ఉండదు. ఆర్థిక శాస్త్రవేత్తలు రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ 2004లో వివరించిన పథకంలో ఉద్యోగులు ముందుగా ఒప్పుకున్నది ఒక్కటే: జీతం పెరిగినప్పుడల్లా పొదుపు శాతం దానంతటదే పెరగాలి. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. మన దగ్గర ‘స్టెప్ అప్’ సిప్ ఇదే సూత్రం.

ఆదాయం నెలనెలా రానివాళ్లు జాగ్రత్తపడాలి. ఖాతాలో డబ్బు లేని తేదీన డెబిట్ వస్తే బ్యాంకు రుసుము పడుతుంది, రెండుసార్లు పడితే మనిషి మొత్తం ఎత్తేస్తాడు. తపాలా కార్యాలయం రికరింగ్ డిపాజిట్ నెలకు రూ.100 నుంచి ఉంటుంది కానీ నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. పంటల మీద, కమీషన్ మీద బతికేవారికి ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం పీపీఎఫ్ నప్పుతుంది: ఏడాదికి కనీసం రూ.500 వేస్తే చాలు, చేతిలో ఉన్నప్పుడు రూ.1.5 లక్షల దాకా వేయవచ్చు. 15 ఏళ్ల గడువు కొందరికి సంకెల, చేయి నిలవనివారికి అదే రక్షణ.

వ్యాపారంలో దీన్ని వాడేవాళ్లు తక్కువ. పన్ను వాటాకు వేరే ఖాతా తెరిచి వారానికోసారి అందులోకి డబ్బు వెళ్లేలా పెట్టడం, ఇంటి ఖర్చుకు గల్లాలోంచి తీయకుండా నెలకు ఇంత అని మీకు మీరే జీతం వేసుకోవడం ఈ పద్ధతే. డబ్బు కాని పనుల్లో దీని చేయి పొట్టిది. మీ బదులు ఆటో డెబిట్ నడవదు.

## ఒక్క చూపులో

| ఏర్పాటు | బాగా నప్పే పని | తప్పాక తిరిగి రావడం | ఖర్చు | ఎక్కడ తెగుతుంది |
|---|---|---|---|---|
| దినచర్య | రోజూ ఒకేలా ఉండే చిన్న పని | చాలా తేలిక | దాదాపు లేదు | రోజులకు ఆకారం లేనప్పుడు |
| దీక్ష | ముగింపు ఉన్న పెద్ద పని | కష్టం | ఇంట్లోవాళ్ల సహకారం | గడువు ముగిసిన మర్నాడు |
| జట్టు | రోజుకో రూపం ఎత్తే పని | మనుషులను బట్టి | సమయం, మొహమాటం | మంది ఎక్కువై లెక్క లేనప్పుడు |
| పణం | తేదీ ఉన్న ఒంటరి పని | డబ్బు పోయాక పట్టు లేదు | అసలు డబ్బే | జరిమానా ధరగా మారినప్పుడు |
| ఆటో డెబిట్ | పొదుపు, పన్ను, అప్పు | అవసరమే రాదు | బౌన్స్ రుసుము | ఆదాయం నిలకడ లేనప్పుడు |

కొత్త సంవత్సరం, ఉగాది, పుట్టినరోజు, సోమవారం లాంటి తేదీల గురించి ఒక మాట. అలాంటి రోజుల తరువాత జిమ్ముకు వెళ్లేవారు పెరుగుతారని పరిశోధకులు హెంగ్చెన్ డై, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు. పడిపోయినవారు మళ్లీ లేవడానికి సోమవారం మంచి సాకు, వాడుకోండి. స్ఫూర్తి వీడియోలు, వక్తల ఉపన్యాసాలు సాయంత్రానికే ఆరిపోతాయి, వాటికి డబ్బు పెట్టకండి. కోచ్ అంటే డబ్బిచ్చి తెచ్చుకున్న జట్టు. వారం వారం అంకె అడిగే రకమైతే డబ్బుకు న్యాయం జరుగుతుంది.

## మీరు ఏ రకం?

నెల జీతగాళ్లు. డబ్బు లక్ష్యాలన్నిటినీ ఈ వారమే ఆటో డెబిట్‌లో పెట్టి మరిచిపోండి. మిగిలిన ఓపికను ఆరోగ్యానికి దాచుకుని, దాన్ని ఆఫీసు నుంచి తిరిగి వచ్చే దారికి ముడివేయండి. ఇంటికి చేరి సోఫాలో కూర్చున్నాక బూట్లు వేసుకోవడం అయ్యే పని కాదు.

ఒంటరిగా దుకాణమో, ఇంటి వ్యాపారమో నడిపేవారు. లెక్కలకు దినచర్య, అమ్మకాలు పెంచడానికి జట్టు. ఈ రెంటినీ కలిపేయకండి. గల్లా లెక్క రాయడానికి ఎవరి తోడూ అక్కర్లేదు, కొత్త హోటళ్లకు పచ్చడి నమూనాలు తీసుకువెళ్లడానికి మాత్రం ‘ఈ వారం ఎన్ని హోటళ్లు?’ అని అడిగే మనిషి కావాలి. కాదనిపించుకునే పనుల దగ్గరే మనిషి ఎక్కువగా వెనకాడతాడు.

పోటీ పరీక్షల అభ్యర్థులు. తేదీ ప్రకటించేవరకు దినచర్య, ఇద్దరు ముగ్గురి చిన్న జట్టు. తేదీ ఖరారయ్యాకే దీక్ష. ప్రకటన రాకముందే దీక్ష పట్టినవారు అసలు సమయానికి అలసిపోతారు. పణం మీకు అసలు వద్దు, ఇప్పటికే వయసే పణంగా పెట్టి ఉన్నారు.

అయిదు నుంచి పదిమంది సిబ్బంది ఉన్న యజమానులు. మీ ఉత్సాహం తగ్గితే అది పదిమందికీ అంటుతుంది. మూడు నెలలకు ఒకటే లక్ష్యం, వారానికి ఒకే అంకె, సోమవారం ఉదయం నిలబడే ముగించే పది నిమిషాల సమావేశం. ఆ అంకె గోడ మీద అందరికీ కనిపించాలి, మీరు స్వయంగా చేసే పనికి సంబంధించిన అంకె కూడా దాని పక్కనే ఉండాలి. యజమాని లెక్క లేని చోట సిబ్బంది లెక్క నెలకు మించి నిలవదు.

ఒత్తిడికి బిగుసుకుపోయేవారు. జరిమానాలు, బహిరంగ ప్రకటనలు, పెద్ద జట్లు మానేయండి. పనిని రెండు నిమిషాలకు కుదించి దినచర్యకు కట్టండి. మందగించిన ఉత్సాహం వెనుక నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే అది ఏర్పాట్లతో సరిపెట్టుకునే సంగతి కాదు, వైద్యుణ్ణి కలవాలి.

ఒక లక్ష్యానికి రెండు ఏర్పాట్లకు మించి పెట్టకండి. దీక్ష తరువాత దినచర్య, దినచర్యకు తోడు వారానికోసారి జట్టు లాంటి జతలు బాగా కుదురుతాయి. జట్టు, పణం కలిస్తే స్నేహితుల మధ్య డబ్బు తగాదా వస్తుంది. కొత్త ఏర్పాటుకు రెండు నెలలైనా గడువివ్వండి. ఈలోగా ఎన్నిసార్లు తప్పారన్నది కాకుండా, తప్పిన ప్రతిసారీ ఎన్ని రోజులకు తిరిగి వచ్చారన్నది రాసుకోండి. ఆ విరామాలు కుంచించుకుపోతుంటే సరైనదే ఎంచుకున్నారు. పెరుగుతుంటే ఏర్పాటు మార్చండి.

రెండు ఏర్పాట్లు మార్చినా విరామాలు పెరుగుతూనే ఉంటే లక్ష్యాన్నే అనుమానించాలి. అన్నయ్య చెప్పాడని మొదలుపెట్టిన రెండో బ్రాంచి, తోటివాళ్లంతా రాస్తున్నారని పట్టుకున్న పరీక్ష, అద్దె కూడా రాని వీధిలో మూడేళ్లుగా లాగుతున్న దుకాణం ఇలాంటివే. అప్పుడు ఒక కాగితం మీద, ఇది ఈ రోజు కొత్తగా నా ముందుకు వస్తే మొదలుపెడతానా అని రాసుకుని, జవాబు లేదని వస్తే మూసే తేదీ వేయండి. అడ్వాన్సు ఎంత తిరిగి వస్తుందో, సరుకు ఎవరు తీసుకుంటారో, సిబ్బందికి ఎన్నాళ్ల ముందు చెప్పాలో ఆ కాగితం మీదే కిందికి రాసుకుంటూ పోవచ్చు.